పన్నెండు ట్రాక్టర్ల మొరం

సాయిల్ లాబ్‌లో గట్టయ్యది అటెండర్ ఉద్యోగం. కాగితం మీద అంతే. కానీ ఆ యూనివర్సిటీలో సివిల్ ఇంజనీరింగ్ చదివిన పిల్లల్ని ఎవరినైనా అడగండి, మట్టి గురించి నిజంగా నేర్చుకున్నది ఎవరి దగ్గరో చెబుతారు. పుస్తకాల్లో మట్టికి ఇంగ్లీషు పేర్లు బోలెడన్ని ఉన్నాయి. గట్టయ్య వాటి జోలికి పోడు. చిటికెడు మట్టి తీసుకుని ముందు వాసన చూస్తాడు. నీళ్ళచుక్క వేసి అరచేతిలో నలుపుతాడు. మరీ అనుమానమొస్తే పంటి కింద పెట్టుకుంటాడు. కరకరమంటే ఇసుక పాలు ఎక్కువ, నాలుకకు అతుక్కుంటే బంకమట్టి. తడిమట్టిని అద్దం పలక మీద పేనుతూ సన్నటి దారం తీసి, అది ఎక్కడ విరుగుతుందో చూసే పరీక్ష ఒకటుంది. పిల్లలు దానితో గంటసేపు కుస్తీ పడతారు. గట్టయ్య కబుర్లు చెబుతూ కానిచ్చేస్తాడు.

"మట్టి అబద్ధం చెప్పది బిడ్డా, చెప్తే మనమే చెప్తం" అని ప్రతి బ్యాచ్‌తోనూ ఒకసారైనా అంటాడు. పిల్లలు దాన్ని పెద్ద వేదాంతంలా నోట్సులో రాసుకుంటారు. ఆ మాట అనేటప్పుడు ఆయన ఎవరి మొహమూ చూడడన్న సంగతి మాత్రం ఒక్కరూ గమనించలేదు. పిల్లలు కదా, నోట్సు వైపు చూస్తూ ఉంటారు.

ఇంకో ఎనిమిది నెలల్లో రిటైర్ కావాల్సిన మనిషి. కళ్ళజోడు ఒక్కటే కొత్తగా వచ్చిన సరుకు. పొద్దున తొమ్మిదికి మాణికేశ్వర్ నగర్ ఇంట్లోంచి బయల్దేరి క్యాంపస్ చెట్ల కింద నడుచుకుంటూ వచ్చి లాబ్ తాళం తీస్తాడు. అలా ముప్పై మూడేళ్ళు గడిచాయి.

మాఘమాసం మొదట్లో ఒక సోమవారం లాబ్‌కు రెండు గోనెసంచుల మట్టి వచ్చింది. లోపల చిన్న చిన్న ప్లాస్టిక్ కవర్లు, ఒక్కోదానిలో ఒక్కో లోతు మట్టి. సంచికి కట్టిన చీటీ మీద "తార్నాక, ఎస్. శ్రీనివాసరావు" అని ఉంది. గట్టయ్య ఆ చీటీ చదివి కళ్ళజోడు తీశాడు, తుడుచుకున్నాడు, మళ్ళీ చదివాడు. ఇంతలో ఆ శ్రీనివాసరావే కొడుకు ఆత్రేయ చెయ్యి పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు.

శ్రీనివాసరావు ఒకప్పుడు అదే యూనివర్సిటీ ఆఫీసులో అధికారి. ఇప్పుడు డెబ్బై అయిదు దాటాయి. కోస్తా నుంచి ఉద్యోగానికని వచ్చి తార్నాకలో స్థలం కొని ఇల్లు కట్టుకున్నాడు. ఇప్పుడా పాత ఇల్లు పడగొట్టి, అదే స్థలంలో కింద కార్లకు వదిలి పైన మూడంతస్తులు లేపుతున్నారు. ఆత్రేయ కుటుంబం, తల్లిదండ్రులు, అందరూ కలిసి ఉండడానికి.

"ఏమయ్యా గట్టయ్యా, చివరికి మా ఇల్లు కూడా నీ చేతిలోకే వచ్చింది చూశావా" అన్నాడు పెద్దాయన, ఆయాసంలో కూడా నవ్వుతూ.

"దండాలు సారూ. గిట్ల కూసోండ్రి" అని గట్టయ్య కుర్చీ తుడిచి వేశాడు.

రిపోర్టు మీద సంతకం పెట్టాల్సిన ప్రొఫెసర్ సుదర్శన్ లోపలి గదిలోంచి వచ్చి సంచులు చూసి ఆగిపోయాడు. "సార్, మట్టి నమూనాలకు మూడు చోట్ల బోరు వేయాలని గుర్తు పెట్టి ఇచ్చాను. రెండే వచ్చాయేమిటి?"

"మూడోది మీరు ఈశాన్యం మూల పెట్టారు కదండీ. భూమిపూజ ముహూర్తం కాకుండా ఈశాన్యంలో ఇనుము దించకూడదన్నారు సిద్ధాంతిగారు. మా ఆవిడ బోరు మిషన్‌కి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుంది, వాళ్ళేం చేస్తారు పాపం! అయినా అక్కడ చూడాల్సిందేమీ లేదు లెండి. మా పాత నుయ్యి ఉండేది అక్కడ."

"బావి ఉండేదా?" సుదర్శన్ గొంతు మారింది. "ఆ మూల పిల్లర్ వస్తోంది సార్!"

"కంగారు పడకండి. తొంభై రెండులోనే పూడ్పించాను. ఎవరు పూడ్చారనుకున్నారు? ఇదిగో, ఈ గట్టయ్యే! పన్నెండు ట్రాక్టర్ల మొరం. ఎర్రటి గట్టి కంకరమట్టి, అడుగుకొక పొర వేసి, నీళ్ళు కొట్టి, దిమ్మిసతో దంచి... మిగతా స్థలమంతా కుంగినా అదొక్కటీ కుంగదు. ఈ మనిషి పని చూసే కదా ఈ లాబ్‌లో వేయించాను."

సుదర్శన్ గట్టయ్య వైపు తిరిగాడు. మట్టి విషయంలో గట్టయ్య మాట ఆయనకు యంత్రం మీద అంకె లాంటిది. "అవునా గట్టయ్యా? అడుగుదాకా మొరమేనా?"

గట్టయ్య తల ఊపాడు.

నోటితో ఏమీ అనలేదు. తలే ఊపాడు. అదే చాలింది. "అయితే సరే. గుంత తవ్వాక ఫోటోలు తీసి పంపండి. మొరం కనబడితే రిపోర్టు ఇచ్చేస్తాను" అని సుదర్శన్ లోపలికి వెళ్ళిపోయాడు. ఆత్రేయ ఫోనులో ఎవరికో "క్లియర్ అయింది" అని చెప్పాడు. గట్టయ్య మాత్రం సంచుల ముందు నిలబడి, ఏ కవరు ముందు విప్పాలో తెలియని కొత్తవాడిలా చూస్తూ ఉండిపోయాడు.

తొంభై రెండులో గట్టయ్యకు ఇరవై ఏడేళ్ళు. జనగామ వైపు ఊళ్ళో రెండేళ్ళు వరసగా వానలు మొహం చాటేస్తే, భార్య సారలమ్మనూ చంటిపిల్లనూ వెంటబెట్టుకుని పట్నం వచ్చాడు. సారలమ్మ అన్న పరుశురాం అప్పటికే మాణికేశ్వర్ నగర్‌లో ఉన్నాడు. బావాబామ్మర్దులిద్దరూ మట్టిపని చేసేవాళ్ళు. పునాదులు తవ్వడం, గుంతలు పూడ్చడం. అలా దొరికిన పనే తార్నాక బావి.

బావి ఎక్కడ తవ్వినా ఈశాన్యంలోనే తవ్వుతాం, ఇల్లు ఎక్కడ మొదలుపెట్టినా ఈశాన్యంలోనే మొదలుపెడతాం. కాబట్టి బావి ఆ మూలే ఉంది. ఆరడుగుల వెడల్పు, నలభై అడుగుల లోతు. రెండు ఎండాకాలాలుగా చుక్క నీరు లేదు. ఆరేళ్ళ ఆత్రేయ గోడ మీదకు ఎక్కి లోపలికి కేకలు వేసి ప్రతిధ్వని వింటుంటే, శ్రీనివాసరావు భార్య శ్యామలాంబకు ప్రాణం పోయినంత పనయింది. పూడ్చేద్దామన్నది ఆవిడే. పూడ్చే ముందు స్నానం చేసి వచ్చి, బావికి బొట్లు పెట్టి, లోపలికి పసుపూ కుంకుమా చల్లి, "తల్లీ, కోపం పెట్టుకోకు. మళ్ళీ ఎక్కడో ఒకచోట పైకి రా" అని దణ్ణం పెట్టింది. ఆ మాట విని గట్టయ్య కూడా చేతులు జోడించాడు.

ఒప్పుకున్నది పన్నెండు ట్రాక్టర్ల మొరం. పొరపొరకూ దిమ్మిస. మంచిగా చేస్తే పది రోజుల పని. మొదటి రోజు గట్టయ్య బావి చుట్టూ ఉన్న రాళ్ళు పీకి, పనికొచ్చేవి ఒకవైపు, పనికిరానివి ఒకవైపు పేర్చిన తీరు చూసి శ్రీనివాసరావు ముచ్చటపడ్డాడు. శుక్రవారం సాయంత్రం పిలిచి చెప్పాడు: "సాయిల్ లాబ్‌లో అటెండర్ పోస్టు ఖాళీగా ఉంది. మట్టి తెలిసినవాడు కావాలంటున్నారు. మంగళవారం పొద్దున్నే నా ఆఫీసుకి రా. ఈలోగా ఈ పని ముగించెయ్." ఆ రాత్రే కుటుంబంతో రాజమండ్రి పెళ్ళికి రైలెక్కాడు.

పాపం ఆయన మామూలుగా అన్న మాట. గట్టయ్యకు అది దేవుడు పెట్టిన గడువులా వినిపించింది. శనివారం మూడు ట్రాక్టర్ల మొరం వచ్చింది. ఆ తరవాత బండి ఇరుసు విరిగింది. మళ్ళీ ఎప్పుడొస్తుందో తెలియదు.

"మంగళారం దాటితే నౌకరి ఇంకొకనిది" అన్నాడు పరుశురాం. "పైన మొరం ఉంటే సాలు. కింద ఏమున్నదో ఎవలు దిగి సూస్తరు?"

గట్టయ్య కాదనలేదు. అప్పుడు క్యాంపస్‌లో ఒక హాస్టల్‌కు మరమ్మతు జరుగుతోంది. బయట పడేసిన పగిలిన మరుగుదొడ్డి పెంకులు, టైల్సు ముక్కలు, మెస్సు పొయ్యిల బూడిద, కొట్టేసిన చెట్ల కొమ్మలు, ఎండాకులు నింపిన గోనెసంచులు. ఎవరూ అడగని సరుకు. రెండు రోజులు తోపుడుబండి మీద మోసి ముప్పై రెండడుగులు దాంతోనే నింపారు. పైన ఎనిమిదడుగులు మొరం పోశారు. ఆ ఎనిమిదడుగులూ మాత్రం గట్టయ్య ప్రాణం పెట్టి దిమ్మిస కొట్టాడు. అరచేతులు బొబ్బలెక్కి పగిలాయి. పని గుత్తకు ఒప్పుకున్నది కాబట్టి ట్రాక్టర్లు లెక్కబెట్టినవాళ్ళు లేరు. సోమవారం సాయంత్రం శ్రీనివాసరావు తిరిగొచ్చి, పళ్ళెంలా చదునుగా ఉన్న నేల మీద అటూ ఇటూ కాళ్ళు గట్టిగా వేస్తూ నడిచాడు. "మొత్తం పన్నెండూ పట్టాయా?" అని అడిగాడు.

"పట్టినయ్ సారూ" అన్నాడు గట్టయ్య.

మరునాడు నౌకరి వచ్చింది. తరవాత పర్మినెంటయింది. ఇద్దరు ఆడపిల్లల చదువులు, గుడిసె స్థానంలో స్లాబు ఇల్లు, సారలమ్మకు కంటి ఆపరేషన్, అన్నీ ఆ మంగళవారంలోంచి వచ్చినవే. మొదటి నాలుగైదేళ్ళు వానాకాలం వస్తే చాలు, గట్టయ్య ఏదో పనున్నట్టు తార్నాక పోయి ఆ గేటు ముందు నెమ్మదిగా నడిచి ఈశాన్యం మూల చూసి వచ్చేవాడు. ఏమీ కాలేదు. పైన షాబాదు బండలు పరిచారు, వాటి మీద కారు షెడ్డు వేశారు. వాననీరు దిగే దారే లేదు. మెల్లగా మరిచిపోయాడు.

మరిచిపోయేవాడే, ఆ నౌకరి సాయిల్ లాబ్‌లో కాకుండా ఇంకెక్కడైనా అయి ఉంటే. లాబ్‌లో వెనక నిలబడి పాఠాలు వినీ వినీ, తాను చేసిందేమిటో గట్టయ్యకు అక్షరం అక్షరం తెలిసింది. ఆకులు, కొమ్మలు కుళ్ళి లోపల డొల్ల అవుతుంది. బూడిద నీళ్ళు తగిలితే కుంగుతుంది. పైన గట్టిపడిన మొరం డబ్బా మీద మూతలా నిలిచి ఉంటుంది, కారు ఎక్కినా ఓర్చుకుంటుంది. ఇంటి బరువు మోసే పిల్లర్ ఎక్కితే, ఒక గట్టి వాన లోపలికి దిగితే, ఓర్చుకోదు. ఏ తప్పు వల్ల ఆ ఉద్యోగం దొరికిందో, ఆ తప్పు ఎంత పెద్దదో ఆ ఉద్యోగమే నేర్పింది. ఇంతకంటే బాగా కసి తీర్చుకోవడం దేవుడికి కూడా చేతకాదేమో.

ఆ సాయంత్రం ఇంట్లో సారలమ్మ చాటలో బియ్యం ఏరుతోంది. గట్టయ్య చెప్పులు విప్పకుండానే గడప మీద కూలబడ్డాడు.

"తార్నాక సారు ఇల్లు కూలగొట్టి మల్ల కడ్తున్నరు."

"ఏ సారు?"

"బాయి సారు."

సారలమ్మ చెయ్యి ఆగింది. ఆ ఇంట్లో ఆ మాట ముప్పై మూడేళ్ళలో ఏ నాలుగుసార్లో వచ్చి ఉంటుంది. "ఎన్ని అంతస్తులు?" అంది.

"కింద కార్లకు. పైన మూడు. గా బాయి నడుమనే పిల్లర్ గుర్తు పెట్టిన్రు. సుదర్శన్ సారు నన్నడిగిండు, అడుగుదాక మొరమేనా అని. నేను తల ఊపిన."

"ఊపితివి గదా, ఊకో మరి." చాట ఒకసారి చెరిగి మళ్ళీ అంది: "ఎనిమిది నెలలు ఆగు. నౌకరి అయిపోనీ. తర్వాత పోయి చెప్పు, ఎవలు ఏమంటరు?"

"ఎనిమిది నెలలకు స్లాబులన్నీ పడ్తయి సారక్కా." మనసు బాగోలేనప్పుడు ఆయన భార్యను అలాగే పిలుస్తాడు. "గప్పుడు చెప్పి ఏం ఫాయిదా?"

"గా మూలకు ఏమొస్తది?"

"పూజగది. దాని మీద పిల్లగాండ్ల గది."

సారలమ్మ బియ్యం ఏరి, కడిగి, పొయ్యి మీద పెట్టి, గంజి వార్చి, అన్నం వడ్డించి, ఆయన సగం తిని లేచాక అప్పుడంది: "చెప్పు. కానీ మా అన్న పేరు తియ్యకు. చచ్చి ఆరేండ్లాయె. ఆయనకు జవాబు చెప్ప రాదు."

చెప్పాలనుకోవడం వేరు, నోరు తెరవడం వేరు. బుధవారం గట్టయ్య ఆత్రేయకు ఫోన్ చేశాడు. నేరుగా చెప్పే ధైర్యం లేక చుట్టూ తిప్పాడు: ఆ మూల పిల్లర్‌ను రెండు గజాలు ఇవతలకు జరపరాదా, పూజ అయినంక అక్కడ కూడా ఒక బోరు వేయరాదా అని. ఆత్రేయ నవ్వాడు. "డిజైన్ అంతా అయిపోయింది గట్టయ్యగారూ. ఇప్పుడు జరిపితే మొత్తం మారాలి. నాన్నగారికి ఆ రిపోర్టు కంటే మీరంటేనే నమ్మకం. రేపు ఎనిమిదింటికి వచ్చేయండి. మొదటి గడ్డపార పోటు మీ చేత్తోనే వేయించాలని ఆయన పట్టు."

గట్టయ్య ఆ రోజు లాబ్‌లో ఒక మట్టి ముద్దను మూడుసార్లు పేనాడు. మూడుసార్లూ దారం తెగిపోయింది.

గురువారం పొద్దున తార్నాక స్థలంలో చిన్న షామియానా, ఇరవైమంది చుట్టాలు, ఒక పక్క జేసీబీ, ఇంకో పక్క నీళ్ళ ట్యాంకర్. ఇల్లు పడగొట్టిన తరవాత ఆ స్థలం చూడడం గట్టయ్యకు అదే మొదటిసారి. షాబాదు బండలు కూడా లేపేశారు. ఎర్రటి నేల బయటపడి ఉంది. దాని మీద సున్నంతో పిల్లర్ల గుర్తులు గీశారు. ఈశాన్యం మూల గుర్తు చూడగానే తెలిసిపోయింది. ఆయన కళ్ళు మూసుకుని కూడా ఆ చోటు చెప్పగలడు.

శ్రీనివాసరావు ఎదురొచ్చి కొత్త కండువా భుజాన కప్పాడు. ఆత్రేయ పెద్ద కూతురు, పదేళ్ళ సుధామయి, చుట్టాల పిల్లలకు ఆకాశంలోకి వేలు చూపిస్తోంది: "అదిగో, అక్కడ వస్తుంది నా రూము." గట్టయ్య ఆ వేలు చూపిన చోటికి చూశాడు. అక్కడ గాలి తప్ప ఏమీ లేదు.

పూజ జరుగుతున్నంతసేపూ చెబుదామనుకుంటూనే ఉన్నాడు. నవధాన్యాలు వేసేటప్పుడు చెబుదామనుకున్నాడు. సిద్ధాంతిగారు గడియారం చూస్తూ "ఊఁ, ఊఁ, ముహూర్తం" అని తొందరపెట్టారు. గడ్డపార చేతికిచ్చారు. దానికి పసుపు రాసి తోరం కట్టి ఉంది. గట్టయ్య మూడు పోట్లు పొడిచాడు. గడ్డపార మొరంలో ఖంగుమంది. అందరూ చప్పట్లు కొట్టారు.

జేసీబీ దిగి అరగంటలో అయిదడుగుల గుంత తీసింది. ఎర్రటి మొరం, ఎక్కడా మట్టి చారైనా లేదు. గోడలు కోసిన బెల్లంలా నిలిచాయి. శ్రీనివాసరావు గుంత అంచున నిలబడి చుట్టాలందర్నీ పిలిచాడు. "చూడండి, ముప్పై మూడేళ్ళ కిందటి పని. ఈ రోజుల్లో ఇలా పూడ్చేవాడున్నాడా? ఒక్కడు కూడా చూడ్డానికి లేనప్పుడు చేసిన పనయ్యా ఇది! మేమంతా పెళ్ళికి పోయాం." ఆత్రేయ వంగి వంగి ఫోటోలు తీస్తున్నాడు, సుదర్శన్‌కు పంపడానికి. మధ్యాహ్నానికి అడుగున కాంక్రీటు పడాలి. కంకర, సిమెంటు సిద్ధంగా ఉన్నాయి.

ఆ ఫోటోల చప్పుడే గట్టయ్య చేత నోరు తెరిపించింది. ఆ ఫోటో చూసి సుదర్శన్ సంతకం పెడతాడు. ఆ తరవాత ఇక ఎవరూ అడగరు.

"సారూ, గీడ పునాది వెయ్యద్దు."

"ఏమిటి?"

"ఇంకా మూడడుగులే మొరం సారూ. దాని కింద మొరం కాదు. చెత్త. నేనే పోసిన."

ఒక్క క్షణం అందరూ ఆయన్ని చూశారు. తరవాత శ్రీనివాసరావు పెద్దగా నవ్వేశాడు. గట్టయ్య దేనికైనా సిద్ధపడి వచ్చాడు గాని, ఆ నవ్వుకు కాదు.

"ఎండ తగిలిందా నీకు? పొద్దున ఏమైనా తిన్నావా? ఆత్రేయా, ఈయనకి కాస్త మజ్జిగ ఇవ్వరా. చుట్టాల్లో పొగిడానని సిగ్గుపడుతున్నాడు."

"సిగ్గు కాదు సారూ, నిజం చెప్తున్న. మూడు ట్రాక్టర్లే వచ్చినయ్."

"నువ్వు అలాంటి పని చేసేవాడివి కావయ్యా. నాకు తెలియదా నువ్వు?"

గట్టయ్యకు ఏడుపొచ్చింది. ముప్పై మూడేళ్ళు దాచిన మాట బయటపెడితే, దాన్ని తీసుకునే దిక్కే లేదు. ఆత్రేయ విసుక్కున్నాడు. "గుంత చూస్తున్నారు కదా గట్టయ్యగారూ, రాయిలా ఉంది. ముహూర్తం రోజున ఈ మాటలేమిటి?" శ్యామలాంబ మాత్రం గట్టయ్య మొహాన్నే చూస్తోంది.

ఆయన ఆవిడ వైపే తిరిగాడు. "అమ్మా, నీళ్ళు పోస్తే తప్పు లేదు గదా? ట్యాంకర్ పైపు గుంతల పెట్టుండ్రి. మంచి మొరమైతే నీళ్ళు నిలుస్తయి. నేను చెంపలేసుకుని పోత."

"పెట్టండి" అంది శ్యామలాంబ.

నీళ్ళు వదిలారు. అడుగు నిండింది. ఎర్రగా, కదలకుండా నిలిచింది. రెండడుగులు నిండింది. నిలిచింది. ఆత్రేయ చేతులు కట్టుకుని గట్టయ్య వైపు చూశాడు. పావుగంట గడిచింది. మూడడుగులయ్యాయి. చుట్టాలు టిఫిన్ల వైపు జరుగుతున్నారు. గట్టయ్య గుంత అంచున గొంతుక్కూచుని నీళ్ళనే చూస్తున్నాడు. ఒక క్షణం ఆయనకే అనుమానం వచ్చింది. నిజంగా పన్నెండూ పోశామేమో, ఇన్నేళ్ళూ లేని పీడకల మోశానేమో అని. అలా అయితే ఎంత బాగుండును!

పడమటి అంచున ఒక బుడగ లేచింది. తరవాత నాలుగు. తరవాత అదే చోట నీళ్ళు ఉడుకుతున్నట్టు కుతకుతలాడాయి. లోపల ఎక్కడో గుటక వేసిన చప్పుడు. నీళ్ళు సుడి తిరుగుతూ, తూములోకి పోయినట్టు కళ్ళముందే దిగిపోయాయి. వాటి వెంటే గుంత అడుగు సగం విరిగి కిందికి జారింది. జేసీబీ డ్రైవర్ "పక్కకు జరగండ్రి!" అని అరిచాడు. అందరూ వెనక్కి ఉరికారు. ఆత్రేయ కూతుర్ని ఎత్తుకుని రోడ్డు మీదకే పోయాడు.

మళ్ళీ దగ్గరికొచ్చి చూస్తే, అడుగున మనిషి పట్టేంత నల్లటి రంధ్రం. తడిసిన పాత బూడిద కంపు. రంధ్రం అంచున తెల్లగా మెరుస్తూ ఒక పింగాణీ పెంకు.

శ్యామలాంబ దాన్ని గుర్తుపట్టింది. అది ఏమిటో, అలాంటివి కడిగిన ఏ ఆడమనిషికైనా తెలుస్తుంది.

"నేను పసుపూ కుంకుమా వేసి దణ్ణం పెట్టాను గట్టయ్యా, ఆ తల్లికి" అంది. "నువ్వు కూడా నా పక్కన చేతులు జోడించావు. ఆవిడ మీద మరుగుదొడ్డి పెంకులు పోశావా?"

"ఎవరున్నారు నీతో?" అని అడిగాడు ఆత్రేయ. "ఇంకొకాయన ఉండేవాడు. నాకు గుర్తుంది. ఎవరి ఆలోచన ఇది?"

"నాదే బాబూ. అంతా నేనే."

శ్రీనివాసరావు ఇంకా ఆ రంధ్రంలోకే చూస్తున్నాడు. తిడతాడని గట్టయ్య కాచుకున్నాడు. తిడితే బాగుండుననుకున్నాడు. పెద్దాయన మెల్లగా వచ్చి కుర్చీలో కూర్చుని, కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"ఎందుకయ్యా?" అన్నాడు.

"మీరు మంగళారం రమ్మన్నరు సారూ. ఈలోగా పని ముగించెయ్ అన్నరు. బండి ఇరుసు విరిగింది. మంచిగ పూడిస్తే పదిరోజులు పడ్తది. మంగళారం దాటితే నౌకరి పోతదనుకున్న. పొట్టకు లేని రోజులు. చంటిపిల్ల ఉండె."

శ్రీనివాసరావు గొంతులో కోపం లేదు. ఎంతో దూరం నుంచి ఏదో గుర్తు తెచ్చుకుంటున్నట్టు ఉంది.

"ఆ పోస్టుకి ఇంకెవరూ రాలేదయ్యా. మట్టిలో చెయ్యి పెట్టే పనని తెలిసి వచ్చినవాళ్ళు కూడా పారిపోయారు. నీకంటే ముందు ఆర్నెల్లు ఖాళీగా పడి ఉంది. మంగళవారం అని నేనేదో నోటికొచ్చిన రోజు చెప్పాను. పది రోజులు పడుతుందని నువ్వు ఒక్క మాట అంటే, నెల్లాళ్ళయినా ఆగేవాణ్ణి కదా."

గట్టయ్య గుంతలోంచి తీసి పోసిన మొరం కుప్ప మీద అలాగే కూలబడ్డాడు. భుజాన ఉన్న కొత్త కండువా తీసి, మడత పెట్టి, పక్కన పెట్టాడు. చేతికి తగిలిన పిడికెడు మొరం తీసుకుని అలవాటు కొద్దీ నలిపి చూశాడు. మంచి మొరం. ఆనాడు వచ్చిన మూడు ట్రాక్టర్లదే ఇది. మిగతా తొమ్మిది ట్రాక్టర్లకు ఇంకొక్క వారం చాలేది.